జీడితోటలో అతిథులు, బావిలో ఎర్రనీళ్లు

ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను. నేల వాలు, నీటి నడక, తీసుకున్న నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. నేల, నీటి సంరక్షణ పనులు నా వృత్తి. విశాఖపట్నం చుట్టుపక్కల సొంత తోటల్లో అతిథులకు బస ఏర్పాటు చేసే కుటుంబాలు పెరుగుతున్నాయి. వాళ్లలో చాలామందికి ఇలాంటి చిక్కే ఎదురవుతుందని నా అనుమానం.

నేపథ్యం

నగరం నుంచి గంటన్నర దూరంలో, తూర్పు కనుమల పాదాల దగ్గర ఇరవై ఎకరాల పైచిలుకు మెట్టభూమి. పైన కొండవాలు, నడుమ జీడి, కొంత మామిడి, కింద గెడ్డ (చిన్న వాగు), గెడ్డ ఒడ్డున రాతికట్టు నేలబావి. మూడు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు పాత జీడిచెట్లలో సగం వేళ్లతో సహా ఒరిగిపోయాయి. కొత్తవి నాటారు. అవి ఎదిగి చెప్పుకోదగ్గ కాపు ఇచ్చేదాకా తోట మీద రాబడి అంతంతమాత్రమే. చెట్లు పడిన ఖాళీల్లో లాంటానా అనే కలుపు పొద అల్లుకుపోయింది. లేఅవుట్ల వాళ్లు గేటు దాకా వచ్చి ధర చెప్పి వెళ్లేవారు.

పెద్దాయన అమ్మనన్నారు. నగరంలో ఉద్యోగం చేసే చిన్నకొడుకు, తోటలోనే ఉండే పెద్దకోడలు కలిసి నాలుగు తాటాకు పాకలు వేయించి, వారాంతాల్లో టెంట్లు, రాత్రి చలిమంట, తెల్లవారుజామున పక్షులు చూసే నడక మొదలుపెట్టారు. తొలకరి రోజుల్లో పొన్నంగి పిట్ట కోసం కెమెరాలు మెడకు తగిలించుకుని వచ్చేవాళ్లు కూడా ఉండేవారు. కొద్ది కాలానికే జీడిపిక్కల మీద వచ్చే డబ్బును అతిథుల డబ్బు దాటేసింది. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. అతిథులు రాకపోయి ఉంటే ఆ భూమి ఈపాటికి ప్లాట్లయ్యేది. కాబట్టి అతిథులను మాన్పించడం అనే సలహా నా సంచిలో మొదటి నుంచీ లేదు.

వాళ్లు అడిగింది, వాళ్లు అడగనిది

నన్ను పిలిచింది బావి కోసం. వాన పడితే బావి నీళ్లు ఎర్రబడి, వారం దాకా తేటపడడం లేదు. పూడిక తీయించాలా, లేక బోరు వేయించాలా అన్నది ప్రశ్న. పాకల చుట్టూ ఉన్న జీడిచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతున్నాయని పెద్దకోడలు మరో మాట కలిపారు.

వాళ్లు సమస్యగా లెక్కించనిది ఒకటి ఉంది. తోట నడుమ ఒక గండి. నిలువెత్తు ఎర్రటి అంచులు, అడుగున వంకర టింకర దారి. అతిథులకు దాన్ని ‘మన చిన్న ఎర్రమట్టి దిబ్బలు’ అని చూపించేవారు. అందరూ అక్కడ ఫొటోలు దిగేవారు. విశాఖకూ భీమిలికీ మధ్య ఉన్న అసలు ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లలో గాలి, నీరు, సముద్రమట్టాల మార్పు కలిసి చేసినవి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం అది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కింది. మరి ఈ గండి వయసెంత? ఇంట్లోవాళ్లెవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. జీడిపిక్కలు ఏరే ఒక పెద్దావిడ చెప్పింది: “నాలుగేళ్ల కిందట దీన్ని ఒక్క అంగలో దాటేదాన్ని బాబూ. ఇప్పుడు చుట్టూ తిరిగి వెళ్తున్నాను.”

బావిలోకి చేరుతున్న మట్టి ఎక్కడిదో ఆ మాటతో సగం తెలిసింది. ఆ గండిని తవ్వుతున్న నీళ్లు ఎక్కడివన్నది మిగిలిన సగం.

కారణం వెతకడం

కుటుంబం తప్పుపట్టింది పైనున్న పొరుగు భూమిని. అక్కడ తుప్పలు కొట్టేసి నీలగిరి వేశారు. అనుమానం అర్థం లేనిదేమీ కాదు. అయితే మట్టి అక్కడి నుంచే వస్తుంటే, వాళ్ల సరిహద్దు దాటి ఈ తోటలోకి అడుగుపెట్టే నీళ్లలోనే అది కనిపించాలి. దాన్ని ఎండలో నిలబడి తేల్చలేం. ఎండినప్పుడు కోతల గుర్తులు కనిపిస్తాయి కానీ ఏ నీరు ముందు, ఏ నీరు వెనుక అన్నది కనిపించదు. అందుకని గట్టి వాన పడే రోజుకోసం ఆగి, గొడుగు వేసుకుని, బావి దగ్గర మొదలుపెట్టి ఎర్రనీటికి ఎదురు నడిచాం. రెండు పాయలు కలిసిన ప్రతిచోటా రెండింటి నుంచీ ఒక్కో సీసా నింపి, సీసా మీద చోటు పేరు రాసి, రాత్రంతా కదపకుండా ఉంచాం.

పొద్దున చూస్తే పై సరిహద్దు సీసాలో అడుగున పల్చటి పొర. నీలగిరి కింద గడ్డి మిగిలి ఉండడం వల్ల అక్కడి నేల పెద్దగా కోసుకుపోవడం లేదు. జీపు దారి కింద నింపిన సీసాలో వేలి మందాన మట్టి. టెంట్ల మైదానం కింద నింపినది దానికి కొంచెం తక్కువ. పొరుగాయన మీద పోట్లాట అక్కడితో ఆగింది. నా దృష్టిలో ఆ సీసాల మొదటి లాభం అదే.

జీపు దారి గురించి కొంచెం లెక్క. గేటు నుంచి పాకల దాకా సుమారు 300 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, వాలు వెంట తిన్నగా దిగుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ దారి మీద ఒక్కదాని మీదే 60,000 లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు అయిదు. చక్రాలు తొక్కి గట్టిపడిన ఎర్రనేలలోకి అందులో ఇంకేది చాలా తక్కువ. మిగిలిందంతా కింద మలుపు దగ్గర ఒకేచోట పడుతోంది. గండి తల, అంటే అది మొదలయ్యే పై చివర, సరిగ్గా అక్కడే ఉంది.

తర్వాత ఇనుప గొట్టం ముక్కను నేలలోకి దిగ్గొట్టి, అంగుళం నీళ్లు పోసి ఇంకే సమయం చూశాం. ఆకులు కప్పి ఉన్న జీడిచెట్టు కింద అయిదారు నిమిషాల్లో మాయం. టెంట్ల మైదానంలో టీ కాచుకుని తాగి, గ్లాసులు కడిగాక కూడా నీళ్లు నిలిచే ఉన్నాయి.

చెట్టుకిందికీ మైదానానికీ మధ్య మూడో రకం నేల పాకల చుట్టూ కనిపించింది. అక్కడ ఎవరూ బళ్లు తిప్పలేదు, టెంట్లు వేయలేదు. అయినా నీళ్లు ఇంకలేదు. ఎందుకో పెద్దకోడలు మామూలుగా అన్న ఒక మాటలో దొరికింది: “రోజూ తెల్లారేసరికి ఆకంతా ఊడ్పించి తగలబెట్టిస్తాం కదండీ, అతిథులకు పాములంటే భయం.” జీడి గొడుగులా దట్టంగా అల్లుకునే చెట్టు. దాని కింద గడ్డి సరిగ్గా మొలవదు, రాలిన ఆకే ఆ నేలకు ఉన్న కప్పు. అది తీసేస్తే, కొమ్మల మీద కూడి పెద్దవై రాలే చినుకులు వట్టి నేలను నేరుగా కొడతాయి. సన్నని మట్టి లేచి రంధ్రాలను పూడ్చి, పైన పెచ్చు కడుతుంది. చెట్టు ఉంది కదా, నేలకు భయం లేదనుకోవడం చాలా తోటల్లో చూశాను. నేలను కాపాడేది చెట్టు కంటే చెట్టు కింది చెత్త. పాకల చుట్టూ కొమ్మలు ఎండడానికి ఇదొక్కటే కారణమని నేను తేల్చి చెప్పను. నీరు ఇంకని చోట వేరు దాహంతో ఉంటుందన్నది మాత్రం నిజం.

అప్పటికే చేసి చూసినవి

గండి నోటి దగ్గర సిమెంటు అడ్డుగోడ కట్టించారు. నీరు పక్కనున్న మెత్తటి గట్టును కోసుకుని గోడను చుట్టి పోయింది. ఇప్పుడు గోడ ఒక ద్వీపం. పైనుంచి వచ్చే నీరు తగ్గనంత కాలం కింద ఏ గోడైనా అంతే. గండి తల దగ్గర అతిథుల చేత వట్టివేరు నాటించారు. ఫొటోలు దిగే కాళ్ల కింద అది బతకలేదు.

మూడో ప్రయత్నం గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే మంచి మనసుతో చేసింది, తెలివైనదిగా కూడా కనిపిస్తుంది. ఒకేచోట టెంట్లు వేస్తే నేల పాడవుతోందని చిన్నకొడుకు గమనించి, ప్రతి వారం చోటు మార్చడం మొదలుపెట్టాడు. భారం పంచితే ఎవరికీ బరువు కాదన్న లెక్క. నేల విషయంలో ఇది తలకిందులు. జనం నడిచే అడవి దారుల మీద, శిబిరాల స్థలాల మీద వివిధ దేశాల్లో దశాబ్దాలుగా జరిగిన పరిశీలనలు చెప్పేది ఒకటే: తొక్కిడిలో ఎక్కువ నష్టం తొలి అడుగులతోనే జరిగిపోతుంది. ఆ తర్వాత వందమంది నడిచినా అదనపు నష్టం కొంచెమే. కోలుకోవడానికి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అంటే వారానికో చోటు మార్చడం వారానికో కొత్త గాయం చేయడమే. ఏడాదికి ఒకరిద్దరు వచ్చే చోట పంచడం పనికొస్తుంది. ప్రతి శనివారం ఇరవై మంది దిగే చోట పనికిరాదు. అక్కడ తొక్కే చోటు కొంచెం ఉండాలి, ఎప్పుడూ అదే ఉండాలి.

చిన్నకొడుకు దీన్ని వెంటనే ఒప్పుకోలేదు. తోటలో తను టెంట్లు వేసిన పాత చోట్లన్నీ తిరిగి చూసి వచ్చాక ఒప్పుకున్నాడు. ఒకే ఒక్కసారి వాడి వదిలేసిన చోటు కూడా పచ్చబడలేదు.

నిర్ణయాలు, వాటి వెనుక ఆలోచన

బోరు వద్దన్నాను. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 ప్రకారం అనుమతి తీసుకోవాలన్నది ఒక సంగతి. అసలు కారణం వేరు. ఈ ప్రాంతంలో కింద ఖోండలైటు రాయి. నీరు ఉండేది పైనున్న మెత్తబడిన పొరలో, దాని కింద పగుళ్లలో. బావికి ఊట వచ్చేదీ, బోరులోకి చేరేదీ ఈ వాలు మీద ఇంకిన నీరే. పైన ఇంకడం ఆగిపోయిన చోట ఇంకో గొట్టం దించితే ఉన్నదాన్ని తొందరగా తోడుకోవడం తప్ప మరేమీ జరగదు.

మొదటి పని దారి. గండి పని కాదు. నీరు దిగుతుండగా గండిలో ఏది కట్టినా సిమెంటు గోడ కథే. తిన్నగా దిగే జీపు దారిని మూసేసి, దాని మీద అడ్డంగా మట్టి మిట్టలు వేసి, ఒక్కో మిట్ట దగ్గర నీటిని పక్కనున్న ఆకుల నేలలోకి మళ్లించాం. కార్లు గేటు దగ్గరే ఆగాలి. అక్కడి నుంచి వాలుకు అడ్డంగా వేసిన కాలిబాట. నడవలేని పెద్దవాళ్ల కోసం ఒక చిన్న బ్యాటరీ బండి. “కారు పాక ముందు ఆగకపోతే అతిథులు రారు” అన్నది చిన్నకొడుకు భయం. కొందరు నిజంగానే రాలేదు.

టెంట్లకు ఒకే చోటు ఖాయం చేశాం. మట్టి తక్కువగా, రాయి బయటపడి ఉన్న ఒక గుట్ట. పాడుచేయడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు, అందుకే ఎంచుకున్నాం. ఊడ్చేది బాటలు, పాకల గుమ్మాలు మాత్రమే. బాట వెంట రాత్రి దీపాలు పెట్టారు, చెప్పుల్లేకుండా నడవవద్దని బోర్డు పెట్టారు. పాము భయం తీరడానికి చుట్టూ నేలంతా గుండు చేయనక్కర్లేదు, కాలు పెట్టే చోటు కనిపిస్తే చాలు.

అన్నింటికన్నా కష్టమైన చర్చ వానాకాలం గురించి. తోట అందంగా ఉండేది, బుకింగ్‌లు ఎక్కువగా వచ్చేది అప్పుడే. నేల తొక్కిడిని అస్సలు తట్టుకోలేనిదీ అప్పుడే. తడిసిన మట్టి మీద పడిన బరువు రేణువుల మధ్య ఖాళీలను అణిచేస్తుంది. ఎండాక అది ఇటుకలా బిగుస్తుంది. నేను ఇంకుడు రేటు, సాంద్రత అంటూ చెబుతుంటే చిన్నకొడుకు ఫోనులో బుకింగ్ పట్టిక చూపిస్తున్నాడు. అంతదాకా మాట్లాడని పెద్దాయన కలగజేసుకున్నారు: “పదును దాటిన నేలలో నాగలే పెట్టం కదరా. జీపు ఎలా పెడతావు?” అంతకంటే మంచి నియమం నేను రాయలేను. అదే నియమమైంది. టెంట్లు వేసే రోజు పొద్దున బాట పక్క నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. విడిపోతే సరే. ముద్ద కట్టి నిలిస్తే ఆ వారం టెంట్లు లేవు, పక్షుల నడక రాళ్లు పరిచిన బాట మీదే. తేదీలు కాకుండా పదునునే, అంటే నేలలోని తడినే, కొలతగా పెట్టుకోవడానికి కారణం ఉంది. మనకు నైరుతితో వానలు అయిపోవు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు వస్తాయి. తేదీలు రాసుకుంటే సరిగ్గా అప్పుడే గేటు తెరిచి ఉంటుంది.

చిన్నకొడుకును కదిలించింది మాత్రం నియమం కాదు, ఖాతా పుస్తకం. పూడికతీత, వాన తర్వాత వారంపాటు కొన్న ట్యాంకరు నీళ్లు, సిమెంటు గోడ, ఏటా దారికి తోలించే గ్రావెలు, ఇవన్నీ ‘తోట ఖర్చు’ కింద రాసి ఉన్నాయి. అతిథుల ఖాతాలో అద్దె, వంట, దుప్పట్లు మాత్రమే. వాటిని అసలు కారణమైన ఖాతాలోకి మార్చి రాయమన్నాను. మార్చి చూస్తే వానాకాలపు వారాంతాల్లో లాభం అనుకున్నదానిలో చాలా భాగం కరిగిపోయింది. ఇలాంటి కుటుంబాల్లో నేను ఇప్పుడు మొదట అడిగేది ఈ పుస్తకమే. నేల అరుగుదల ఎవరి పద్దులో పడుతోందో తెలియకపోతే నేల గురించి ఎంత చెప్పినా అది ఉపన్యాసమే.

నీటి వాడకం సంగతి త్వరగా తేలింది. నగరాల నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం, జల్ జీవన్ మిషన్‌లో పల్లెల్లో మనిషికి 55. ఇరవై మంది నగర అలవాటుతో వాడితే 2,700 లీటర్లు, పల్లె లెక్కన 1,100. షవర్లు తీసి బకెట్, చెంబు పెట్టారు. స్నానాల నీళ్లు అరటి మడికి మళ్లించారు.

గండి పని చివర్లో. పైనుంచి నీరు తగ్గాక, తలను ఏటవాలుగా చెక్కి, పైనుంచి కిందికి వరుసగా చిన్న అడ్డుకట్టలు. ఒక్కో కట్ట అంచు పై కట్ట పాదం ఎత్తుకు రావాలి. నడుమ భాగం పక్కల కంటే పల్లంగా ఉండాలి, లేకపోతే నీరు మళ్లీ గట్టు కోస్తుంది. చుట్టూ తాడు కట్టి ఫొటోలు ఆపించారు. దానికి వచ్చినన్ని ఫిర్యాదులు జీపు దారికి కూడా రాలేదు.

ఈ పనుల్లోనూ నిలవనివి

డబ్బు కలిసొస్తుందని కొన్ని అడ్డుకట్టలు లాంటానా కట్టెలతో, కొమ్మలతో కట్టించాం. రెండో వానాకాలం రాకముందే చెదలు తినేశాయి. అన్నీ రాళ్లతో మళ్లీ కట్టాల్సి వచ్చింది. పాత టెంట్ల మైదానంలో తొలకరికి ముందు నవధాన్యాలు చల్లాం. మొలిచిన వాటిని ఊరి పశువులు మేసేశాయి. కంచె వేయమన్నారు ఇంట్లోవాళ్లు. కాపరులను కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, ఆ మైదానం గెడ్డకు వెళ్లే పశువుల పాత దారి అని. పాకలు వేసినప్పుడు కట్టిన కంచె మందను గండి అంచు మీదికి నెట్టింది. ఇంకో కంచె వేస్తే ఇంకెక్కడికో నెడుతుంది. మెరక వెంట పశువులకు ఒక బాట వదిలి, ఆ బాట ఎటు ఉండాలో కాపరుల చేతనే గీయించాం. ఆ తర్వాత మైదానంలోకి మంద రాలేదు.

అతిథుల చేత లాంటానా పీకించడం కూడా మానిపించాను. వాళ్లు పైకి విరిచి ఫొటో దిగుతారు. మొదలు నుంచి అది రెట్టింపుగా చిగురిస్తుంది. వేరు మొదలును నేల లోపల కోసి, మోడును తలకిందులుగా పెట్టడం అలవాటైన చేతులకే వస్తుంది. అదీ వాలు మీద ఒకేసారి కాదు. ఎంత కలుపైనా ప్రస్తుతానికి ఆ మట్టిని పట్టుకున్నది అదే. చిన్న చిన్న మడులుగా తీసి, తీసిన చోట వెంటనే వావిలి, వెదురు పెట్టించాం. విత్తన బంతులు విసిరించమని చాలామంది అడుగుతారు. వినోదంగా బాగుంటుంది, మొక్కలు అరుదుగా వస్తాయి.

ఇప్పటి పరిస్థితి

వాన పడ్డ రోజు బావి ఇప్పటికీ ఎర్రబడుతుంది. రెండు రోజుల్లో తేటపడుతోంది. గండి తల ముందుకు జరగడం ఆగింది, గండి మాత్రం పూడలేదు. పాకల చుట్టూ ఆకు వదిలిన చోట గొట్టం పరీక్షలో నీరు పావుగంటలో ఇంకుతోంది. పాత టెంట్ల మైదానంలో పెద్దగా మార్పు లేదు. అక్కడ సరైన పదునులో ట్రాక్టరు ఉలి నాగలితో ఒకసారి లోతుగా చీల్చి జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట పైర్లు వేయాలని నా సలహా. దుక్కి చేస్తే వాలు మీద మట్టి మళ్లీ కదులుతుందని పెద్దాయన సందేహం. ఇద్దరి మాటా నిజమే కాబట్టి సగం చోట చీల్చి సగం వదిలి చూస్తున్నాం.

బస ధర పెంచారు, అతిథులు తగ్గారు. వానాకాలం రాబడి తగ్గింది, ఖర్చు కూడా తగ్గింది. లాభం మొత్తంగా మునుపటి కంటే కొంచెం తక్కువ. ఇందులో దాపరికం అవసరం లేదు. బాగా ఇసుక కలిసిన సమతల భూముల్లోనో, నల్లరేగడిలోనో ఈ పనులు ఇదే వరుసలో చేయమని నేను చెప్పను. ఇది వాలు ఉన్న ఎర్రనేల కథ.

ఇప్పుడు చిన్నకొడుకు ఈత కొలను అడుగుతున్నాడు. 8 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 1.2 లోతు అంటే ఒకసారి నింపడానికి 38,400 లీటర్లు. రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరైతే దాని మీద రోజుకు 160 లీటర్లు. లెక్క కాగితం మీద రాసి, ఏ ఖాతాలో వేస్తారో మీరే చెప్పండని పెద్దకోడలి చేతికిచ్చాను. ఆ విషయం ఇంకా తేలలేదు.